కడిగిన కొద్దీ తాబేళ్ల తొట్టి ఎందుకు కంపు కొడుతోంది?

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక అపార్టుమెంటు మూడో అంతస్తు నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు, చిరునామా బయటపెట్టవద్దని కోరారు. మూడేళ్ల క్రితం పెద్దబ్బాయి పుట్టినరోజుకు ఆమె భర్త రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దవైన రెండు ఆకుపచ్చ తాబేటి పిల్లలను కొనుక్కొచ్చారు. ఇవి ఇంతకన్నా పెరగవని దుకాణదారు చెప్పాడట. ఇప్పుడు ఒకదాని చిప్ప అయిదంగుళాలు ఉంది, రెండోది నాలుగంగుళాలు దాటింది. రెండూ హాల్లో కిటికీ పక్కన రెండడుగుల గాజు తొట్టిలో, సగం వరకు పోసిన నీళ్లలో ఉంటున్నాయి. ప్రతి ఆదివారం ఆమె ఆ నీళ్లన్నీ పారబోసి, అడుగున పరిచిన రంగు గులకరాళ్లనూ ఫిల్టరులోని స్పాంజినీ వంటింటి సింకులో బ్లీచింగ్ పొడి వేసి తెల్లబడేదాకా రుద్ది, మళ్లీ బోరు నీళ్లు నింపుతారు. బుధవారానికల్లా నీళ్లు పచ్చబడి, గుమ్మంలో అడుగు పెట్టినవాళ్లకు తెలిసేంత వాసన వస్తుంది.

ఇంట్లో ఎనిమిదేళ్ల కొడుకు, రెండేళ్లు నిండని పాప, అత్తగారు ఉన్నారు. అత్తగారు ఉదయం, సాయంత్రం తాబేళ్లకు పెరుగన్నం మెతుకులు వేసి, వాటి వీపు తాకి కళ్లకద్దుకుంటారు. పాప తొట్టిలో చేతులు ముంచి ఆడుతుంది, దానివల్ల పాపకు ఏమైనా అవుతుందా అని అడిగారు. నెల రోజులుగా చిన్న తాబేలు కళ్లు ఉబ్బి మూసుకుపోయాయి, తిండి కూడా మానేసింది. భర్తకు షిఫ్టు డ్యూటీ. వాసన భరించలేక ఆయన, ముడసర్లోవ జలాశయంలోనో ఆర్కే బీచిలోనో వదిలేసి వద్దామంటున్నారు. ఆ మాట విన్న కొడుకు రెండు పూటలు అన్నం ముట్టలేదు. "తాబేళ్లు ఇంటిల్లిపాదివీ, వాటి నీళ్లు మాత్రం నావి. నాకు కూడా వదిలేయాలనే ఉంది. నేను మరీ రాతి గుండె దాన్నా?" అని ఉత్తరం ముగించారు.

మీరు చివర అడిగిన ప్రశ్న కన్నా ముందు, ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన విషయం గురించి మాట్లాడాలి. పోయిన వారం తొట్టిలో చెయ్యి పెట్టినప్పుడు "ఝల్లుమంది" అని రాశారు. ఈ జవాబు చదవడం ఆపి, తొట్టికి సంబంధించిన ప్లగ్గులన్నీ ముందు గోడ నుంచి లాగేయండి. నీళ్లలో ముంచి ఉంచే గాజు హీటరును తాబేళ్లు ఢీకొట్టి పగలగొట్టడం తరచుగా జరిగేదే. వెంట్రుకంత పగులు చాలు, నీళ్లలోకి కరెంటు రావడానికి. ఆ హీటరును పారేయండి. మళ్లీ కొనాల్సిన తొందర కూడా లేదు. ఈ తాబేళ్లకు నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల వేడిలో ఉంటే సరిపోతుంది, మన విశాఖలో ఏడాదిలో ఎక్కువ భాగం ఇంట్లోని నీళ్లు ఆ వేడిలోనే లేదా అంతకు మించి ఉంటాయి. డిసెంబరు, జనవరి రాత్రుల కోసం కావాలనుకుంటే, చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఉన్న హీటరు తీసుకోవచ్చు. ఫిల్టరు తీగను నేరుగా స్విచ్చు బోర్డుకు లాగకుండా, బోర్డు కన్నా కిందికి ఒక వంపు వేలాడేలా వదిలితే, తీగ వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది కాని సాకెట్టులోకి చేరదు. మీ ఇంటి మెయిన్ బోర్డులో కరెంటు లీకయితే దానంతటదే ఆగిపోయే బ్రేకరు ఉందో లేదో ఎలక్ట్రీషియనుకు చూపించండి. అది ఉన్నా సరే, ప్లగ్గు తీయకుండా తొట్టిలో చెయ్యి పెట్టకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి.

రెండో తొందర పని చిన్న తాబేలు కళ్లు. ఈ జాతిలో కళ్లు ఉబ్బడానికి సాధారణంగా కనిపించే కారణాలు రెండు, మీ ఇంట్లో రెండూ ఉన్నాయి. ఒకటి, ఎండు రొయ్యలూ మెతుకులూ తప్ప వేరే తిండి లేక విటమిన్ ఎ కొరవడడం. రెండోది, చెడిన నీళ్ల మంట. దానిని ఈ రోజే వేరే టబ్బులోకి మార్చి, రోజూ నీళ్లు మారుస్తూ, ఎక్కి ఆరడానికి ఒక ఇటుక పెట్టి, పశువైద్యుడికి చూపించండి. కుక్కలూ పిల్లులూ మాత్రమే కాకుండా పక్షులనూ పాకే జీవాలనూ చూసే అలవాటున్న వైద్యుడెవరో ముందుగా ఫోనులో కనుక్కుని వెళ్తే తిరిగే శ్రమ తగ్గుతుంది. మనుషులకు వాడే కంటి చుక్కలు వేయకండి. విటమిన్ ఎ చుక్కలను మీ అంచనాతో పట్టించకండి, అది మోతాదు మించితే చర్మం ఊడిపోయేంత హాని చేస్తుంది. నెల రోజులు ఆగారు కాబట్టి ఇంకో ఆదివారం దాకా ఆగవచ్చనుకోవద్దు.

ఇక మీ అసలు బాధ. మీరు తొట్టిని సరిగ్గా కడగడం లేదని ఇంట్లో ఎవరైనా అని ఉంటే, ఆ మాట తప్పు. మీరు కడగవలసిన దానికన్నా ఎక్కువ కడుగుతున్నారు, వాసనకు సగం కారణం అదే. తాబేలు విసర్జించినదీ, తినకుండా వదిలేసినదీ కుళ్లి నీళ్లలో అమ్మోనియా చేరుతుంది. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నప్పుడు కూడా అది ఉండవచ్చు. కళ్లనూ చర్మాన్నీ మండించేది అదే. ఫిల్టరు స్పాంజిలోనూ రాళ్ల మీదా గాజు గోడల మీదా జిగటగా పట్టే పొర చూసి మనకు రోత పుడుతుంది గాని, ఆ పొరలో ఉండే ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి, మరో రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఈ సంతతి నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు ప్రతి ఆదివారం బ్లీచింగ్ పొడితో దాన్ని తుడిచిపెట్టేస్తున్నారు. తోడు కూడా మిగల్చకుండా గిన్నె తోమేసి, మర్నాడు పాలు తోడుకోలేదని బాధపడినట్టుంది ఇది. వంటింట్లో మెచ్చుకోదగిన శుభ్రత తొట్టిలో పనికిరాకుండా పోతోంది.

మిగతా సగం కారణం తొట్టి పరిమాణం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి అంచు దాకా నింపినా సుమారు 57 లీటర్లే పడుతుంది. మీరు పోసేది సగమంటే 28 లీటర్లు. తాబేళ్లను పెంచేవాళ్లు పాటించే మోటు లెక్క ఒకటుంది: చిప్ప పొడవు ఒక అంగుళానికి సుమారు 40 లీటర్ల నీళ్లు. ఆ లెక్కన మీ పెద్దదానికొక్కదానికే 200 లీటర్లు కావాలి, రెండోదానికి అందులో సగమే లెక్కేసుకున్నా తక్కువలో తక్కువ 300. అంటే కావలసిన నీళ్లలో పదో వంతుకు తక్కువ నీళ్లలో రెండు తాబేళ్లు తిని, విసర్జించి, అవే నీళ్లు తాగుతున్నాయి. అటువంటి తొట్టిని ఎవరు కడిగినా బుధవారానికి కంపు కొట్టక తప్పదు.

మీరు వర్ణించినదాన్ని బట్టి, కళ్ల వెనక ఎర్రటి చార, కాళ్లకు బాతు కాళ్లలా పొర ఉన్నాయి గనక, ఇవి రెడ్ ఇయర్డ్ స్లైడర్లు, ఎర్ర చెవుల తాబేళ్లు. వీటి సొంత ఊరు అమెరికా దక్షిణ ప్రాంతంలోని మిసిసిపీ నదీ పరీవాహకం. ఆడది పదకొండు, పన్నెండు అంగుళాల దాకా పెరగగలదు. బాగా చూసుకుంటే ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతాయి. మీ అబ్బాయికి పెళ్లయి అతని పిల్లలు బడికి వెళ్లే రోజుల దాకా అన్నమాట. అయినా ఆ ఎర్ర చారను మరోసారి చూసుకోండి. మన చెరువుల్లో దొరికే మెత్తటి చిప్ప తాబేళ్లయినా, వీపు మీద పసుపు చుక్కల గీతలుండే నక్షత్ర తాబేళ్లయినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. వాటిని ఇంట్లో పెంచడం నేరం. అటువంటిదైతే ఈ సలహాలేవీ వర్తించవు, అటవీశాఖకు అప్పగించడమొక్కటే మార్గం.

మన భాషలో మెట్ట మీద తిరిగేదీ, చెరువులో ఉండేదీ, సముద్రంలో ఉండేదీ అన్నీ తాబేళ్లే. మీ ఇంటి గొడవలో సగం ఈ ఒక్క మాట తెచ్చినదేమోననిపిస్తోంది. మీ అత్తగారు శ్రీకూర్మం ఆలయంలో చూసిన తాబేళ్లు నక్షత్ర తాబేళ్లు. అవి పొడి నేల మీద తిరుగుతాయి, భక్తులు పెట్టిన ఆకులు తింటాయి, వాటి కింద నీళ్లు లేవు కాబట్టి నీళ్లు చెడవు. మీవారు ఏటా మన తీరంలో అటవీశాఖవారు సముద్రంలోకి వదలడం చూసి ఉండే పిల్లలు ఆలివ్ రిడ్లీలు, పుట్టడమే సముద్రం కోసం పుట్టినవి. మీ తొట్టిలోనివి ఈ రెండింటిలో ఏవీ కావు. మంచినీటి తాబేలును ఆర్కే బీచిలో వదిలితే ఆ ఉప్పు నీళ్లలో ఎక్కువ రోజులు బతకదు. అది వదిలేయడం కాదు, నెమ్మదిగా చంపడం.

ముడసర్లోవలో వదిలితే దీనికి తిరగబడ్డ చిక్కు వస్తుంది: అక్కడ అది చక్కగా బతుకుతుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన వంద చొరబాటు జాతుల జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం నిపుణులు ఈ తాబేలును చేర్చారు. ఇలా విడిచిపెట్టినవి చెరువుల్లో పెరిగిపోవడం చూసే ఐరోపా సమాఖ్య 1997లో దీని దిగుమతిని నిషేధించింది. ఎండ కాచుకునే చోటులోనూ తిండిలోనూ స్థానిక తాబేళ్లకు పోటీ అవుతుంది, వాటికి లేని జబ్బులు తెచ్చిపెడుతుంది. పైగా ముడసర్లోవ నగరానికి తాగునీళ్లిచ్చే జలాశయాల్లో ఒకటి. కాబట్టి వదిలేయడమన్న దారిని మూసేద్దాం. మీ అబ్బాయికి ఈ మాట ఇవాళే చెప్పేయండి, వాడు అన్నం తింటాడు.

పాప సంగతి మీరు అడిగిన తీరులోనే భయం కనిపిస్తోంది. ఆ భయం అనవసరమైనది కాదు. పైకి ఆరోగ్యంగా కనిపించే తాబేళ్లలో కూడా సాల్మొనెల్లా అనే క్రిమి పేగుల్లో ఉండి, అప్పుడప్పుడూ బయటికి వస్తుంటుంది. ఒకసారి పరీక్ష చేయించి లేదని తేలినా, ఎప్పటికీ లేదని అనుకోవడానికి లేదు. మనిషికి సోకితే విరేచనాలు, జ్వరం, కడుపు నొప్పి వస్తాయి. అయిదేళ్లలోపు పిల్లలకూ, ముసలివాళ్లకూ, గర్భిణులకూ అది ప్రమాదకరంగా మారవచ్చు. పసిపిల్లలు చిన్న తాబేళ్లను నోట్లో పెట్టుకుని జబ్బుపడుతున్నారనే, అమెరికాలో నాలుగంగుళాల లోపు చిప్ప ఉన్న తాబేళ్లను పెంపుడు జంతువులుగా అమ్మకూడదని 1975లో నియమం పెట్టారు. మీ ఇంట్లో ఆ క్రిమి చేరడానికి ఇప్పుడు ఒకటి కాదు, మూడు దారులున్నాయి: పాప చేతులు, అత్తగారి చేతులు, మీ సింకు. ఇందులో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టినది సింకు, ఎందుకంటే తాబేళ్ల జోలికి పోనివాళ్లు తినే కూరగాయలు కూడా అందులోనే కడుగుతారు. తాబేళ్లకు సంబంధించిన ఒక్క మగ్గు కూడా ఇకపై వంటింటి గుమ్మం దాటకూడదు. తొట్టి నీళ్లను మరుగుదొడ్డిలో పోయండి, వాటికి వేరే బకెట్టు, మగ్గు, బ్రష్షు పెట్టండి. సింకును ఒకసారి సబ్బుతో తోమి, ఆపైన బ్లీచింగ్ నీళ్లతో కడగండి. మీ బ్లీచింగ్ పొడికి సరైన చోటు అదే. తొట్టి నుంచి తీసిన నీళ్లు మొక్కలకు బలమే గాని, కొత్తిమీర, ఆకుకూరల కుండీల్లో మాత్రం పోయవద్దు.

అత్తగారికి "క్రిమి" అని చెబితే నవ్వేస్తారని రాశారు. మడి కట్టుకుని వంట చేసే ఇంటి పెద్దకు క్రిమి గురించి వేరే పాఠం అక్కర్లేదనుకుంటాను. తాబేలును ముట్టుకుంటే మడి పోయినట్టే, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పొయ్యి దగ్గరికి, పాప దగ్గరికి రావాలి అని ఆవిడ భాషలోనే అడిగి చూడండి. వీపు తాకిన చేతిని కళ్లకు అద్దుకునే బదులు, తొట్టికి ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టుకోవచ్చు. పెరుగన్నం మాత్రం ఆపించక తప్పదు. మెతుకులు నీళ్లలో పులిసి వాసనను రెట్టింపు చేస్తాయి, పాలూ పెరుగూ తాబేలుకు అరగవు. ఆవిడ చేతి నుంచి ఆ ముచ్చట తీసేస్తే నొచ్చుకుంటారు కాబట్టి, బదులుగా తాబేళ్ల గుళికల మేతను చిన్న డబ్బాలో పోసి ఆవిడకే అప్పగించండి. ఒక్కొక్క తాబేలు తలకాయంత పరిమాణం ఒక పూటకు చాలు, ఇంత పెరిగిన వాటికి రోజు విడిచి రోజు వేసినా చాలు. మధ్య రోజుల్లో తురిమిన క్యారెట్టు, గుమ్మడి ముక్క, లెట్యూస్ ఆకు వేయవచ్చు, క్యారెట్టూ గుమ్మడీ విటమిన్ ఎ లోటుకు కూడా మంచివి. పాలకూర అదే పనిగా పెట్టకండి, అందులోని పదార్థం కాల్షియంను ఒంటపట్టనివ్వదు. మనిషి కనబడగానే మెడ చాచి ఈదుకుంటూ రావడం ఆకలి కాదు, అలవాటు. పావుగంటలో తిననిదాన్ని వలతో తీసేయాలి. వేరే టబ్బులో నీళ్లు పోసి అందులో మేపితే తొట్టి ఇంకా శుభ్రంగా ఉంటుంది, కాని ప్రతిసారీ వాటిని చేత్తో ఎత్తాలి, చేతులు కడగాలి. పాప ఉన్న ఇంట్లో ఆ పని పెంచుకోవడం నాకు అంత ఇష్టం లేదు.

ఇప్పుడు మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. ఏది పట్టుకున్నా కొంత పోతుంది.

మొదటిది, రెండింటినీ ఉంచుకుని వసతి మార్చడం. 300 లీటర్లు పట్టే గాజు తొట్టి ఖరీదైనదే, కాని తాబేళ్లకు గాజు అవసరం లేదు, అంత పట్టే దళసరి ప్లాస్టిక్ తొట్టి అయినా సరిపోతుంది. నీళ్లు తాబేటి చిప్ప పొడవుకు కనీసం రెట్టింపు లోతు ఉండాలి, గోడలు అవి ఎక్కి దాటలేనంత ఎత్తు ఉండాలి. రంగు గులకరాళ్లు తీసేయండి. వాటి సందుల్లో మురికి పేరుకుంటుంది, తాబేలు మింగితే పేగుకు అడ్డం పడుతుంది. అడుగు ఖాళీగా ఉంటే మలం కనబడుతుంది, సైఫన్ గొట్టంతో లాగేయడం తేలిక. గొట్టాన్ని నోటితో మాత్రం పీల్చకండి, నీళ్లు నింపి, చివర వేలు అడ్డుపెట్టి వదలాలి. ఫిల్టరు మాత్రం చేపలకు అమ్మేది సరిపోదు, తొట్టి నీళ్లకు రెండు మూడింతల సామర్థ్యం రాసి ఉన్నది తీసుకోవాలి. అప్పుడు వారానికొకసారి మూడో వంతు నుంచి సగం నీళ్లు మాత్రం మార్చి, ఫిల్టరులో నీటి వేగం తగ్గినప్పుడు స్పాంజిని తొట్టి నుంచి తీసిన పాత నీళ్లలోనే రెండు మూడుసార్లు పిండితే చాలు. కుళాయి కింద పెట్టకూడదు, సబ్బు తగలకూడదు. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ పోవడానికి మూత లేని బకెట్లలో ఒక రోజు ఉంచి పోయండి. సముద్రపు ఒడ్డు ఇళ్లలో బోరు నీళ్లు కొన్నిచోట్ల ఉప్పదేలి ఉంటాయి, నోట్లో వేసుకుంటే తెలిసేంత ఉప్పగా ఉంటే అవి వద్దు. గట్టి నీళ్ల వల్ల గాజుకు పట్టే తెల్లటి పొరను తొట్టి ఖాళీ చేసినప్పుడు నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి, బాగా తొలిపితే పోతుంది.

ఈ దారిలో జాగ్రత్త పడవలసినది ఒకటుంది. 300 లీటర్ల నీళ్లంటే 300 కిలోలు. బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీలో ఆ బరువు పెట్టే ముందు భవనం కట్టినవారినో ఇంజనీరునో అడగాలి. హాల్లో అయితే గోడను ఆనించి, దూలం మీదుగా వచ్చేలా పెట్టుకోవాలి. డాబా మీద పెడదామంటే అసోసియేషను ఒప్పుకోవాలి. కాకులూ గద్దలూ ఎత్తుకుపోకుండా మెష్ వేయాలి, సగం తొట్టికి నీడ ఉండాలి, లేకపోతే మే నెల ఎండకు నీళ్లు కాగిపోతాయి. దానికి బదులు లాభం సూర్యకాంతి. మీ తొట్టి కిటికీ పక్కనే ఉంది కాబట్టి ఎండ తగులుతోందని అనుకుంటున్నారు. చిప్ప గట్టిపడడానికి కావలసిన అతినీలలోహిత కిరణాలను కిటికీ అద్దం దాదాపుగా ఆపేస్తుంది, లోపలికి వచ్చే మిగతా వెలుతురు నాచును మాత్రం పెంచుతుంది. మీ నీళ్లు పచ్చబడేది అందుకే. ఇంట్లోనే ఉంచదలిస్తే కిటికీ దగ్గర నుంచి జరిపి, ఆ కిరణాలనిచ్చే, తాబేళ్ల కోసం అమ్మే యూవీబీ దీపం పెట్టాలి, వెలుగుతున్నట్టే ఉన్నా అందులోని ఆ కిరణాలు తగ్గిపోతాయి గనక ఏడాదిలోపు మార్చాలి. దాని కింద రెండూ పూర్తిగా నీళ్లు దిగి ఆరేలా, వాటి బరువుకు మునగని మెట్టు కావాలి, అక్కడ వేడి 32 నుంచి 35 డిగ్రీలు ఉండాలి. దీపాన్ని క్లిప్పు మీద నమ్మకం పెట్టి వదిలేయకుండా గొలుసుతో కట్టండి, అది నీళ్లలో పడితే మళ్లీ మొదటి సంగతికే వస్తాం.

రెండో దారి, ఒక్కదాన్ని ఉంచుకోవడం. మీ ఉత్తరంలో పెద్దది చిన్నదాని కాళ్లు కొరుకుతోందన్న మాట ఉంది. ఇరుకులో ఉన్నందువల్ల కావచ్చు, పెద్ద తొట్టిలోనూ మానకపోవచ్చు. ఇవి తోడు లేకపోతే దిగులుపడే జీవాలు కావు, విడివిడిగా నిశ్చింతగా ఉంటాయి. ఒక్కదానికి 200 లీటర్ల తొట్టి చాలు, పనీ బరువూ తగ్గుతాయి. అయితే ఏది వెళ్లాలన్నది మీ అబ్బాయికి రెండు తాబేళ్లూ వెళ్లడం కన్నా కష్టమైన ప్రశ్న కావచ్చు, అది మీకు తెలియాలి.

మూడోది, రెండింటికీ మంచి చోటు వెతకడం. పెరట్లో సిమెంటు తొట్టి కట్టుకునే స్థలమున్న బంధువులు, పెద్ద తొట్టెలు పెట్టి తాబేళ్లు పెంచే అలవాటున్నవారు మొదటి ఎంపిక. ఆ సిమెంటు తొట్టి నుంచి కాలువలోకో చెరువులోకో దారి ఉండకూడదు. ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలవారిని ఫోను చేసి అడగవచ్చు, తీసుకుంటారనే భరోసాతో బుట్టలో పెట్టుకుని వెళ్లవద్దు. కొన్న దుకాణానికే తిరిగి ఇస్తే మళ్లీ ఒక గిన్నెలోకి, మళ్లీ ఒక పుట్టినరోజుకు చేరతాయి, అది చివరి మార్గంగానే ఉంచండి. కంటి జబ్బు నయం చేయించకుండా మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ఏది మంచిదని నన్ను గట్టిగా అడిగితే, నా మొగ్గు తొట్టి ఎక్కడ పెట్టగలరన్నదాని మీద ఆధారపడుతుంది. పాప చెయ్యి చేరని, తలుపు వేసుకోగల చోటు మీ ఇంట్లో ఉంటే మొదటిదో రెండోదో నడుస్తుంది. హాలు తప్ప మరో చోటు లేదంటే, పాపకు అయిదేళ్లు వచ్చేదాకా మూడున్నరేళ్ల పాటు ప్రతి నిమిషం కాపలా కాయడం ఎవరివల్లా కాదు, మూడో దారే నయం. అందులో రాతి గుండె ఏమీ లేదు.

ఉంచుకోవాలని నిర్ణయిస్తే, నీళ్లు మీవి కాకుండా పోవాలి. మీవారు తెచ్చిన తాబేళ్లకు వారానికొక నీళ్ల మార్పు ఆయన షిఫ్టు మారినా కుదరని పని కాదు. 100, 150 లీటర్లు బకెట్లతో మోయడం మగవాడికీ నడుం విరిచే పనే కాబట్టి, పొడవాటి గొట్టం ఒకటి కొనమనండి. అత్తగారిది మేత. అబ్బాయిది లెక్కల పని: అక్వేరియం దుకాణాల్లో దొరికే పరీక్ష సామగ్రితో వారానికొకసారి నీళ్లు చూసి నోటు పుస్తకంలో రాయాలి, అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి, నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదు. ఎనిమిదేళ్లవాడు పెద్దవాళ్లెవరైనా పక్కన ఉంటే ఇది చేయగలడు, చేశాక చేతులు కడగాలి. వాడు రాసిన అంకె పెరిగితే నీళ్లు మార్చమని నాన్నకు చెప్పే అధికారం వాడికివ్వండి. ఇవన్నీ ఎవరూ ఒప్పుకోకపోతే, తాబేళ్లను ఉంచాలన్న నిర్ణయం ఇల్లు చేసినది కాదు, మీ మీద వేసినది. అప్పుడు మూడో దారి గురించి మీరు నిస్సంకోచంగా మాట్లాడవచ్చు.

విశాఖలో ఉంటున్నాం గనక ఒక మాట చేర్చాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎన్నో పేటలు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. అలా జరిగితే ఫిల్టరు డబ్బాలో మూసి ఉన్న స్పాంజిలోని సూక్ష్మజీవులు గాలి అందక కొన్ని గంటల్లోనే చావడం మొదలవుతుంది. స్పాంజిని బయటికి తీసి తొట్టి నీళ్లలోనే తేలనివ్వండి. డబ్బాలో నిలిచిన కుళ్లు నీళ్లను పారబోశాకే మోటారు మళ్లీ వేయండి. కరెంటు వచ్చేదాకా మేత ఆపేయండి, ఆరోగ్యంగా ఉన్న పెద్ద తాబేలుకు వారం పస్తు ఇబ్బంది కాదు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజే నాలుగు బకెట్ల నీళ్లు పట్టి పెట్టుకోండి.

ముందుగా కళ్ల సంగతి చూపించండి. వైద్యుడు ఏమన్నారో, ఏ దారి ఎంచుకున్నారో మళ్లీ రాయండి. కొత్త తొట్టి పెడితే మొదటి నెల నీళ్లు కాస్త మసకగా ఉంటాయి, వాసన కూడా పూర్తిగా పోదు. అది చూసి కంగారుపడి బ్లీచింగ్ పొడి డబ్బా మూత తీయకండి.